నాన్నగారికి మిగిలిన ఒకే మాట "ఎల్లుండి"

పెద్దకూతురు · సోమవారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. మాది తెనాలి. నాన్నగారికి 64 ఏళ్లు, నలభై ఏళ్లుగా కిరాణా కొట్టు నడుపుతున్నారు. ఇరవై రెండు రోజుల కిందట పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చి పది రోజులైంది.

మాట పోయింది అన్నాను గానీ ఒక్క మాట మిగిలింది. "ఎల్లుండి." మంచినీళ్లు కావాలన్నా ఎల్లుండి, ఫ్యాను ఆపమన్నా ఎల్లుండి, అమ్మ మీద కోపం వచ్చినా ఎల్లుండే. మా కొట్లో గల్లాపెట్టె వెనక "అరువు రేపు" అని బోర్డు వేలాడుతుంటుంది. నాన్నగారి నోట ఈ మాట మొదటిసారి విన్నప్పుడు తమ్ముడికి నవ్వు ఆగలేదు. తర్వాత పెరట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

నేను అడగాలనుకున్నది ఇది. మనం చెప్పేది ఆయనకు అర్థమవుతోందా? "అన్నం తింటారా" అంటే తల అడ్డంగా ఊపుతారు. సరే అని పళ్లెం తీసేస్తే కోప్పడతారు. అమ్మ అయితే "మనిషి మారిపోయాడు, బుద్ధి చిన్నపిల్లాడిదై పోయింది" అని అనుకుంటోంది. పలకరించడానికి ఎవరు వచ్చినా వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. తాతయ్య పోయినప్పుడు కూడా ఈయన కంట నీరు చూడలేదు నేను.

ఇంకొకటి కూడా చెప్పాలి, లేకపోతే నిద్ర పట్టదు. ఆ రోజు పొద్దున ఆరు గంటలకు కాఫీ గ్లాసు చేతిలోంచి జారింది. మూతి కొంచెం వంకరగా ఉందని అమ్మ అన్నది. గ్యాస్ అనుకున్నాం. పక్క వీధి ఆర్‌ఎంపీ గారు వచ్చి బీపీ ఎక్కువగా ఉందని నాలుక కింద మాత్ర పెట్టి పడుకోబెట్టమన్నారు. పెద్దాసుపత్రికి చేరేసరికి మధ్యాహ్నం మూడు. "ఇంత ఆలస్యం ఎందుకు చేశారు" అని అక్కడి డాక్టరు గారు అడిగిన మాట చెవుల్లోంచి పోవడం లేదు.

---

రాత్రిడ్యూటీ · మంగళవారం, తెల్లవారుజాము 3:05

అమ్మా, నేను పదకొండేళ్లుగా న్యూరో వార్డులో నర్సుని. ఇప్పుడు కూడా డ్యూటీలోనే ఉన్నాను, అందుకే ఈ వేళప్పుడు.

మీ నాన్నగారి సమస్యను అఫేసియా అంటారు. చాలామందిలో భాషను నడిపేది మెదడు ఎడమ భాగం. కుడి చేతిని, కుడి వైపు మొహాన్ని కదిలించేదీ ఎడమ భాగమే. ఈ రెండు చోట్లకూ రక్తం తీసుకెళ్లేది ఒకే పెద్ద నాళం. అది మూసుకుపోతే చెయ్యీ మాటా కలిసి పడిపోతాయి. పోయింది మాటను వెతికి తెచ్చి నోటికి అందించే దారి. మనుషులు, లెక్కలు, ఇష్టాయిష్టాలు, చిన్నప్పటి సంగతులు లోపల ఉన్నచోటే ఉంటాయి. ఎంత అర్థమవుతోందన్నది మాత్రం మనిషిని బట్టి మారుతుంది. స్పీచ్ థెరపిస్టు పరీక్షించి చెప్పాలి.

ఒక్క మాటే మిగలడం మీ ఇంట్లోనే జరిగింది కాదు. 1861లో పారిస్‌లో బ్రోకా అనే వైద్యుడు ఒక రోగిని చూశాడు. ఆ మనిషి ఏళ్ల తరబడి "టాన్" అనే ఒక్క శబ్దమే పలికేవాడు, కుడి పక్క కూడా పడిపోయింది. చెప్పింది మాత్రం గ్రహించేవాడు. ఆయన పోయాక మెదడు చూస్తే ఎడమ వైపు ముందు భాగం దెబ్బతిని ఉంది. మాటకు మెదడులో ఒక చోటు ఉందని వైద్యులు నమ్మడం అక్కడ మొదలైంది.

తల ఊపడం సంగతి. అవును, కాదు అనేవి తారుమారు కావడం చాలా మామూలు. అందుకని మాటతోనో తలతోనో వచ్చిన జవాబును నమ్మి పళ్లెం తీసేయకండి. అన్నం గిన్నె ఒక చేత్తో, జావ గ్లాసు ఒక చేత్తో చూపించండి. ఎటు చూస్తారో, ఎడమ చేత్తో దేన్ని ముట్టుకుంటారో చూడండి. ఒకసారికి ఒకటే ప్రశ్న. అడిగాక మనసులో పది అంకెలు లెక్కపెట్టుకోండి. మనం మూడు దగ్గరే రెండో ప్రశ్న వేసేస్తాం.

ఆలస్యం గురించి ఇంకో పోస్టులో రాస్తాను, బెల్లు మోగుతోంది.

---

ఎడమచేతిరాత · మంగళవారం, ఉదయం 7:40

నేను రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాను. నాలుగేళ్ల కిందట నాకూ ఎడమ మెదడే. ఎడమ చేత్తో ఒక్కొక్క అక్షరం కొడుతున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

లోపల ఎలా ఉంటుందో చెబుతాను. రేడియోలో స్టేషను సరిగా తగలనప్పుడు మాట వినిపిస్తుంది గానీ పదాలు విడివిడిగా చిక్కవు చూడండి, మొదటి నెల అలా ఉండేది. ఒక్కరు నెమ్మదిగా మాట్లాడితే అర్థమయ్యేది. ఇద్దరు మాట్లాడితే గోల. టీవీ కూడా ఉంటే నరకం. మా బావమరిది నాకు చెవుడు వచ్చిందనుకుని అరిచి మాట్లాడేవాడు. నా చెవులు బాగానే ఉన్నాయయ్యా అని చెప్పడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.

నోరు తెరిచేముందు మాట స్పష్టంగా తెలుసు. "దుప్పటి" అనాలి. బయటికి వచ్చేది "తలుపు". తప్పని నా చెవికే తెలుస్తుంది. మళ్లీ ప్రయత్నిస్తే మళ్లీ తలుపే. మీ నాన్నగారి కోపం మీ అమ్మగారి మీద కాదమ్మా, ఆ "ఎల్లుండి" మీద.

ఏడుపు గురించి. నాకు నవ్వు కూడా వచ్చేది. మా పెద్దన్నయ్య దినం రోజున, భోజనాల దగ్గర, ఆగకుండా నవ్వాను. లోపల దుఃఖం గొంతు దాకా ఉంది, పైకి నవ్వు. వదినగారు ఏడాది పాటు నాతో మాట్లాడలేదు. అది మెదడులో కళ్లెం తెగడం వల్లనట, డాక్టరు చెప్పాక ఇంట్లో వాళ్ల మనసు కుదుటపడింది. ఏడుపు మొదలైతే "ఎందుకు ఏడుస్తున్నారు" అని చుట్టూ మూగకండి. మాట మార్చండి, చల్లని నీటితో మొహం తుడవండి, నిమిషంలో పోతుంది.

---

రాత్రిడ్యూటీ · మంగళవారం, ఉదయం 9:15

గార్డు గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. అలా అదుపు లేకుండా వచ్చే ఏడుపు వేరు, నిజమైన కుంగుబాటు వేరు. పక్షవాతం వచ్చినవారిలో దాదాపు మూడోవంతు మందికి కుంగుబాటు వస్తుంది. తిండి మానేసి, గోడవైపు తిరిగి పడుకుని, వ్యాయామానికి ససేమిరా అంటుంటే డాక్టరు గారికి చెప్పండి. రెంటికీ మందులున్నాయి.

ఇక ఆ పొద్దుటి సంగతి. పక్షవాతాల్లో ఎక్కువ భాగం రక్తం గడ్డ అడ్డుపడటం వల్ల, మిగతావి నాళం చిట్లి మెదడులో రక్తం కారడం వల్ల వస్తాయి. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. సీటీ స్కాన్ తీస్తే తప్ప తేలదు. అందుకే ఇంట్లో ఆస్పిరిన్ కూడా వేయకూడదు, రక్తం కారుతున్న కేసైతే కొంప మునుగుతుంది. గడ్డ అని తేలితే, లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు కరిగించే ఇంజెక్షన్ ఇస్తారు. ఆపైన కూడా కొందరికి, పెద్ద నాళం మూసుకుపోతే, తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి గడ్డను బయటికి లాగుతారు. స్కాన్‌లో బతికించుకోగల భాగం కనిపిస్తే 24 గంటల దాకా అది చేసే వీలుంది. పెద్ద నాళం మూసుకుపోయిన సగటు కేసులో నిమిషానికి పంతొమ్మిది లక్షల నాడీకణాలు పోతాయని లెక్క కట్టారు.

నాలుక కింద మాత్ర పెట్టి బీపీ దబ్బున దించడం మాత్రం తప్పు. ఆ సమయంలో బీపీ పెరిగేది, మూసుకుపోయిన నాళం పక్క దారుల్లోంచి మెదడుకు రక్తం తోయడానికి. దాన్ని ఒక్కసారిగా పడగొడితే చావు బతుకుల మధ్య ఉన్న కణాలు కూడా పోతాయి. ఇది ఆయనను నిందించడానికి అనడం లేదు. ఈ పేజీ చదువుతున్నవాళ్ల ఇంట్లో రేపు ఎవరికైనా మూతి వంకరపోతే, చెయ్యి ఎత్తమంటే కిందికి వాలిపోతే, మాట ముద్దగా వస్తే, టైము చూసి 108కి ఫోన్ చేయండి. చివరిసారి మనిషి బాగా ఉన్నది ఎన్నింటికో కాగితం మీద రాసి తీసుకురండి. మేం మొదట అడిగేది అదే.

మీకు ముందే తెలిసి ఉంటే పరుగెత్తేవారే. తెలియలేదు. నా వార్డులో ప్రతి మంచం పక్కనా మీలా ఎవరో ఒకరు కూర్చుని ఉంటారమ్మా.

---

పల్లెగాలి · మంగళవారం, మధ్యాహ్నం 1:30

ఆసుపత్రి వాళ్లు ఎన్నైనా చెబుతారు. మా మేనమామకు కుడి పక్క మొత్తం పడిపోతే పావురం రక్తం రాసి, పావురం కూర పెట్టి, వేడి ఇసుక మూటతో కాపడం పెట్టాం. మూడో నెలలో లేచి చేలోకి నడిచాడు. ఇంగ్లీషు మందు ఒక్కటి వాడలేదు. ఖర్చు కూడా లేదు. మీ ఇష్టం మరి.

---

వరంగల్‌ఫిజియో · మంగళవారం, మధ్యాహ్నం 2:10

పల్లెగాలి గారూ, మీ మేనమామ గారు నడిచినందుకు సంతోషం. పావురం లేకపోయినా నడిచేవారు. దెబ్బతిన్న చోటు చుట్టూ ఉన్న వాపు మొదటి వారాల్లో తగ్గుతుంది. ఆ తర్వాత మిగిలిన మెదడు పని పంచుకోవడం నేర్చుకుంటుంది. మొదటి మూడు నెలల్లో ఈ మార్పు అన్నిటికన్నా వేగంగా ఉంటుంది. ఆ మూడు నెలల్లో ఏది రాసినా, ఏ గుడికి వెళ్లినా, పేరు దానికే వస్తుంది.

ఇసుక మూట దగ్గర మాత్రం ఊరుకోలేను. పడిపోయిన చేతికి చాలామందికి స్పర్శ కూడా ఉండదు. కాలుతోందని మనిషికి తెలియదు. అరచేతి వెడల్పు బొబ్బలతో నా దగ్గరికి వచ్చినవాళ్లు ఉన్నారు. అందులో ఒకాయనకు షుగరు కూడా. ఆ పుండు మానడానికి పట్టిన కాలంలో వ్యాయామం చేయించి ఉంటే చెయ్యి ఎంతో కొంత వచ్చేది.

పెద్దకూతురు గారూ, మీరు చూసుకోవలసింది భుజం. లేపేటప్పుడు కుడి చెయ్యి పట్టుకుని లాగకండి, చంకలో చేతులు పెట్టి ఎత్తకండి. కండరాల పట్టు లేని భుజం గూట్లోంచి కిందికి జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి పీడిస్తుంది. కూర్చున్నప్పుడు కుడి మోచేతి కింద దిండు ఉండాలి. మంచంలో రెండు గంటలకోసారి పక్క మార్చాలి. టీవీ, మంచినీళ్ల చెంబు, వచ్చిన చుట్టాల కుర్చీ అన్నీ కుడి వైపు పెట్టండి, ఆ పక్కకు తిరగాల్సిన పని పడాలి. ఏదైనా తాగేటప్పుడు దగ్గు వస్తోందా?

---

పెద్దకూతురు · మంగళవారం, రాత్రి 10:45

అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. గార్డు గారి పోస్టు అమ్మకు చదివి వినిపించాను. "ఆ ఎల్లుండి మీద" అన్నచోట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అవునండీ, మజ్జిగ తాగేటప్పుడు దగ్గుతున్నారు. అన్నానికి రావడం లేదు. పడుకోబెట్టే చెంచాతో పోస్తున్నాం.

---

వరంగల్‌ఫిజియో · మంగళవారం, రాత్రి 10:58

పడుకోబెట్టి పోయడం ఈ రాత్రి నుంచే ఆపండి. పల్చటి ద్రవం గొంతు మూసుకునేలోపే జారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, న్యుమోనియా వస్తుంది. పక్షవాతం తర్వాత చాలామంది ప్రాణం తీసేది అదే. నిటారుగా కూర్చోబెట్టి, చిక్కటి రాగి జావ, మెత్తగా పిసికిన పెరుగన్నం, చిన్న చెంచాతో. మింగాక నోట్లో కుడి బుగ్గలో ఏమైనా మిగిలిందేమో చూడండి. తిన్నాక అరగంట దాకా పడుకోబెట్టవద్దు. రేపే ఆసుపత్రికి ఫోన్ చేసి మింగడం పరీక్ష చేయమని అడగండి. జ్వరం గానీ, గొంతులో గురగుర గానీ వస్తే ఆగకుండా వెళ్లండి.

---

సగంముగ్గు · బుధవారం, ఉదయం 6:20

మా ఇంట్లో కథ దీనికి తలకిందులు. నా భార్యకు కుడి మెదడులో వచ్చింది, రెండేళ్లయింది. మాట చక్కగా ఉంది. చుట్టాలంతా "అదృష్టవంతులు, మాట పోలేదు" అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను, ఇంటికి వచ్చిన మొదటి పూట దాకా.

పళ్లెంలో అన్నం, పప్పు, వంకాయ కూర పెట్టాను. కుడి వైపు ఉన్న పప్పూ అన్నం తిన్నది. "కూర వండలేదా" అని అడిగింది. కూర పళ్లెంలో ఎడమ పక్కన ఉంది. అన్నం కూడా కత్తితో కోసినట్టు సరిగ్గా సగం మిగిలింది. నేను పళ్లెం తిప్పి పెట్టాను. "ఓ, ఇప్పుడు వడ్డించారా" అని తినేసింది. చూపు పోలేదు. ఎడమ అనేది ఒకటి ఉందన్న ధ్యాసే పోయింది.

థెరపిస్టు ఒక రోజు కాగితం ఇచ్చి ముగ్గు వేయమన్నారు. మా వీధిలో సంక్రాంతికి ఈవిడ ముగ్గు చూడటానికి పక్క వీధి వాళ్లు వచ్చేవారు. కుడి సగం వేసింది, మెలికలన్నీ పొల్లుపోకుండా. పెన్ను కింద పెట్టి "అయిపోయింది" అన్నది. ఆ కాగితం బీరువాలో దాచాను.

ఒక రాత్రి నన్ను లేపి, "ఈ చెయ్యి ఎవరిదో నా పక్కలో ఉంది, తీసెయ్యండి" అన్నది. తన ఎడమ చెయ్యే. పిచ్చి పట్టిందని వణికిపోయాను. అదీ జబ్బులో భాగమేనని ఎవరూ ముందు చెప్పలేదు. అంతకన్నా కష్టం ఏమిటంటే, తనకేమీ కాలేదని ఆవిడ నమ్మకం. మంచం దిగి నడవబోయి రెండుసార్లు పడింది. మీ నాన్నగారికి తన కష్టం తెలుసు, కోపం వస్తోంది. ఆ కోపం నాకు చాలా కాలం కనిపించలేదు. ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూశాను.

ఇప్పుడు చాలా మేలు. దువ్వెన ఎడమ వైపు కూడా వెళుతోంది. పళ్లానికి ఎడమ అంచున ఎర్ర రంగు పట్టీ అంటించాను, అది కనిపించేదాకా చూపు తిప్పడం అలవాటు చేశారు.

---

దూరతీరం · బుధవారం, ఉదయం 8:00

నేను న్యూజెర్సీ నుంచి. మా నాన్నగారు విజయనగరంలో ఉంటారు, ఆయనకూ మాట పడిపోయి ఐదు నెలలు. రోజూ వీడియో కాల్ చేస్తాను. అమ్మ ఫోను ఆయన మొహం ముందు పెడుతుంది. మా పిల్లలు "తాతయ్యా, మా పేరు చెప్పండి" అంటారు. ఆయన మొహం తిప్పేసుకుంటారు. నా మీద అలిగారా అని భయం. చేయడం మానేయాలా?

---

ఎడమచేతిరాత · బుధవారం, ఉదయం 11:30

మానకండి. పరీక్ష పెట్టడం మానండి. పేరు చెప్పు, ఇదేమిటి, అదేమిటి అని నన్నూ అడిగేవారు, బడిలో నిలబెట్టినట్టు. మనవల ఎదుట పేరు రాకపోతే ఏ తాతకైనా మొహం చెల్లుతుందా?

రోజూ ఒకే వేళకు చేయండి. రెండు నిమిషాలు చాలు. ఒక్క కబురు చెప్పండి. మంచు పడిందనో, పన్ను ఊడిందనో, ఆ పన్ను చూపించండి. ఆయన ఏమీ అనకపోయినా మౌనంగా మొహాలు చూసుకోండి. అలసట గురించి మీకెవరూ చెప్పి ఉండరు. అరగంట పరామర్శకు నాకు రెండు గంటల నిద్ర కావాలి, ఇప్పటికీ.

పిల్లలకు ఎక్కాలు వచ్చా? తాతగారితో కలిసి చెప్పించండి. విడిగా ఒక అంకె పలకలేని నేను "రెండు ఒకట్ల రెండు" అని ఎవరైనా ఎత్తుకుంటే ఇరవై దాకా ఆగకుండా చెప్పేవాణ్ని. కంఠస్థం వచ్చినవి వేరే దారిలో వస్తాయట. వారాల పేర్లు, దండకాలు, భజనలు. తిట్లు కూడా. మా ఆవిడ ముందర నా నోట వచ్చిన మొదటి పూర్తి వాక్యం ఏమిటో ఇక్కడ రాయకూడదు.

---

గుమాస్తా · బుధవారం, సాయంత్రం 5:50

చిన్న సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024 నుంచి నెలకు 6,000 రూపాయలు. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పూర్తిగా పరిమితమైనవారికి 15,000. వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం ధ్రువపత్రం కావాలి. సచివాలయంలో స్లాటు అడగండి. ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, స్కాన్ ఫిల్ములు పారేయకండి. బీపీ మాత్రలు "ఇప్పుడు నార్మల్‌గా ఉంది" అని ఆపకండి, మా అన్నయ్య అలా ఆపే రెండోసారి తెచ్చుకున్నాడు.

---

పల్లెగాలి · బుధవారం, రాత్రి 8:15

ఇసుక మూట మాట వెనక్కి తీసుకుంటున్నాను. మామయ్య చేతి మీద మచ్చ ఉంది, అది దేని వల్లో ఇన్నాళ్లూ ఆలోచించలేదు. పావురం సంగతి మాత్రం ఆయన్ను అడిగి చెబుతాను.

---

పెద్దకూతురు · పందొమ్మిది రోజుల తర్వాత, రాత్రి 9:30

చాలా రోజులకు వచ్చాను, క్షమించండి. మింగడం పరీక్ష చేయించాం. వారం పాటు ముక్కులోంచి గొట్టం వేశారు, ఇప్పుడు తీసేశారు. చిక్కటివి తింటున్నారు. వారానికి రెండుసార్లు గుంటూరు వెళ్లి స్పీచ్ థెరపీ చేయిస్తున్నాం. "ఎల్లుండి" తో పాటు "వద్దు", "అమ్మా" వచ్చాయి. వద్దు అనేది చాలాసార్లు కావాలి అన్న అర్థంలోనే వస్తోంది, మేం చేతులు చూస్తున్నాం.

మొన్న ఆదివారం నాన్నగారిని కుర్చీలో కూర్చోబెట్టి కొట్టు ముందరికి తెచ్చాం. అమ్మే గల్లాపెట్టె దగ్గర ఉంటోంది ఈ మధ్య. ఒకాయన బియ్యం, నూనె, కందిపప్పు తీసుకుని ఐదు వందల నోటు ఇచ్చాడు. అమ్మ చిల్లర లెక్కపెట్టి ఇవ్వబోయింది. నాన్నగారు ఎడమ చేత్తో అమ్మ మణికట్టు పట్టుకున్నారు. "ఎల్లుండి! ఎల్లుండి!" ఆ మనిషి నవ్వి, "పాపం, చిల్లర ఎల్లుండి ఇస్తారట" అన్నాడు. నాన్నగారు వదల్లేదు. అమ్మ చేతిలోని నోట్లలోంచి ఒక యాభై రూపాయల నోటు వేళ్లతో లాగి బల్ల మీద పెట్టి దాని మీద అరచెయ్యి వేశారు.

అమ్మ మళ్లీ లెక్క చూసింది. యాభై ఎక్కువ ఇవ్వబోయింది.

ఆ మనిషి వెళ్లాక అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఖాతా పుస్తకం తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. "ఈ నెల అరువులు ఎవరెవరు ఎంత ఇవ్వాలో నాకు తెలియదు, పేజీలు తిప్పుతూ ఉంటాను, మీరు చూపించండి" అన్నది. నలభై నిమిషాలు కూర్చున్నారు ఇద్దరూ. ఏడు పేర్ల మీద వేలు పెట్టారు. ఎనిమిదో పేరు దగ్గర నిద్రపోయారు.

గార్డు గారూ, ఎక్కాలు మొదలుపెట్టాం. పదమూడో ఎక్కం దగ్గర తమ్ముడు తప్పు చెబితే నాన్నగారు ఆగిపోతున్నారు, సరిచేసేదాకా ముందుకు కదలడం లేదు.